పాత బొంత, ఒకటి

పర్చూరు,
17 ఫిబ్రవరి 2025.

నా పేరు పున్నమ్మ. వయసు డెబ్బై మూడు. ఆధార్ కార్డులో అరవై ఎనిమిదని ఉంది. అది రాసినవాడి తప్పు, నాది కాదు. భర్త లేడు. కొడుకు జయరావు, కోడలు జెస్సీ, రెండు గేదెలు, నేను. ఇదీ మా ఇల్లు. చదువు రాదు. మిరపకాయ కోతకి ముప్పై మంది ఆడవాళ్ళ ముఠాని నడిపిస్తాను. నేను చెబుతుంటే మా చర్చి సండే స్కూలు టీచరమ్మ శాంతి రాస్తోంది.

ఒరేయ్ జక్రయ్యా, తోడబుట్టినవాడికి రాసే ఉత్తరంలో పేరూ వయసూ ఎందుకని నవ్వకు. వకీలు శ్యామ్ సుందర్ గారు ఇలాగే చెప్పమన్నాడు. జరిగింది ఏమీ తెలియని మనిషికి చెప్పినట్టు చెప్పాలంట. నువ్వు చదివి, ఉన్నదున్నట్టు ఉందని ఒప్పుకుని, అఫిడవిట్టు రాసి సంతకం పెట్టి పంపాలంట. ఫోను చేద్దామంటే నీ చెవిమిషను ఈల వేస్తుంది తప్ప నా మాట నీకు ఎక్కదు. ఆ సిమెంటు ఫ్యాక్టరీ క్రషరు నీ చెవులు తినేసింది గానీ కళ్ళు మిగిల్చింది. చదువుకో.

ఫిబ్రవరి అయిదున హెలెన్ పెళ్ళి. హెలెన్ నా కూతురు రూతమ్మ బిడ్డ. రూతమ్మ పోయి ఆరేళ్ళయింది. నాలుగో తేదీ సాయంత్రం నా తమ్ముడు జక్రయ్య దాచేపల్లి నుంచి తన కారులో వచ్చి నన్ను గుంటూరు తీసుకెళ్ళాడు. పెళ్ళికొడుకు వాళ్ళు ఒక అద్దాల హోటల్లో మాకు గది తీశారు. గది నా పేరు మీద రాశారు. గుమ్మంలో టోపీ పెట్టుకున్న మనిషి మా తమ్ముడి దగ్గర కారు తాళం తీసుకుని, చీటీ ఇచ్చి, తనే కారు నడుపుకుంటూ కింద సెల్లారులోకి పోయాడు. తెల్లారి చూస్తే వెనక అద్దం పగిలి ఉంది. సీటంతా గాజుపెంకులు. నా మూట లేదు. పోలీసులు వచ్చి రాసుకుపోయారు, దొంగ దొరకలేదు.

మూటలో ఉన్నది బొంత. మా పేటలో పెళ్ళికూతురికి తల్లి తన చీరలతో బొంత కుట్టి పంపుతుంది. ఈ పిల్లకి తల్లి లేదు కాబట్టి, తల్లి చీరలతో అమ్మమ్మ కుట్టింది. తొమ్మిది చీరలు. అందులో ఒకటి రూతమ్మ కోతకి కట్టుకునే ఆకుపచ్చ నూలుచీర. ఎన్ని నీళ్ళలో జాడించినా మిరప ఘాటు వదల్లేదు, మడత విప్పితే తుమ్ము వచ్చేది. కొత్త దుప్పట్లో చుట్టి కట్టాను. దొంగ వెధవ పట్టుచీరలనుకున్నాడేమో.

మేనేజరు ఏమన్నాడో నువ్వూ విన్నావు, వినపడకపోతే ఇప్పుడు చదువు. "చీటీ వెనక అచ్చు వేశాం కదమ్మా, వాహనాల పూచీ యజమానులదే అని. అయినా విలువ లేని పాత బొంతకి ఇంత గొడవా?" అన్నాడు. తాళం తీసుకున్నాక పూచీ హోటలుదే, అచ్చు వేసుకున్నంత మాత్రాన వదలదు అంటున్నాడు వకీలు. నాకు వాళ్ళ పరిహారం మీద ఆశ లేదు. విలువ లేదన్న మాట వాళ్ళు కాగితం మీద వెనక్కి తీసుకోవాలి. ఆ కాగితం హెలెన్ చేతిలో పెట్టాలి. అందుకే వినియోగదారుల కోర్టులో కేసు వేశాను.

గది నాది, కారు నీది, తాళం ఇచ్చిన చెయ్యి నీది. నీ మాట లేకుండా నా కేసు నిలబడదంట. తొందరగా పంపు. మరదల్ని అడిగానని చెప్పు.

పున్నమ్మ వేలిముద్ర.
సాక్షులు: శాంతి, సండే స్కూలు టీచరు. జెస్సీ, కోడలు.


దాచేపల్లి,
26 ఫిబ్రవరి 2025.

ప్రియమైన అక్కకు, ప్రభువు నామంలో నీ తమ్ముడి వందనాలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మేమంతా క్షేమం. మీ మరదలికి మోకాళ్ళ నొప్పి తగ్గింది. నువ్వు ఇచ్చిన గోంగూర పచ్చడి అయిపోయింది, జాడీ నా దగ్గరే ఉంది.

అక్కా, మనకి కోర్టులెందుకు చెప్పు. మొన్న హోటలు వాళ్ళు నాకు కబురు చేశారు. కారు ఫలానా షెడ్డుకి తీసుకురమ్మని, వెనక అద్దం వాళ్ళే వేయించారు. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. నీకు ఇవ్వమని ఒక రజాయి కూడా ఇచ్చాడు. మంచి కంపెనీది. నిన్ననే బస్సు పార్సిల్లో వేశాను. హెలెన్‌కి అది ఇచ్చెయ్యి. చిన్నపిల్ల, సంతోషపడుతుంది. ఇంతటితో పోనిద్దాం.

అఫిడవిట్టు సంగతి. నాకు ఆ రోజు అంతా సరిగ్గా గుర్తులేదు. జనం, హడావిడి. వాళ్ళు ఏదో అడిగారు, నేను ఏదో చెప్పాను. కోర్టులో వకీళ్ళు గుచ్చి గుచ్చి అడుగుతారు. నాకు వినపడదు. నలుగురిలో అభాసుపాలవుతాను. నన్ను వదిలెయ్యి.

ఎండలు ముదురుతున్నాయి. కోతకి పోయినప్పుడు తలకి తువ్వాలు తడిపి చుట్టుకో.

ఇట్లు,
నీ తమ్ముడు జక్రయ్య.


పర్చూరు,
10 మార్చి 2025.

జక్రయ్యకి పున్నమ్మ చెప్పి రాయించేది.

రజాయి వచ్చింది. పిల్లి పొట్టలా మెత్తగా ఉంది. జెస్సీ ఒక్కసారి కప్పుకుని చూస్తానంది, చెయ్యి విరుస్తానన్నాను. కవరు కూడా చింపకుండా అదే బస్సులో హోటలుకి వెనక్కి పంపాను. "ఇది నాది కాదు. నాది నాకివ్వండి" అని శాంతి చేత రాయించి ముద్ర వేశాను. పార్సిలు ఆఫీసువాడు ఆ ముద్ర చూసి నవ్వాడు. ఇక్కడ నేను వాడిని ఒక మాట అన్నాను, శాంతి రాయనంటోంది.

నువ్వు ఏం చేశావో నీకు అర్థమవుతోందా? వాళ్ళు అద్దం వేస్తే వేయించుకున్నావు. రజాయి ఇస్తే చంకన పెట్టుకున్నావు. వకీలు తల పట్టుకున్నాడు. "మీ తమ్ముడితో రాజీ అయిపోయిందని వాళ్ళు చెప్పుకుంటారమ్మా" అన్నాడు. నా తమ్ముణ్ణి ఒక కారు అద్దానికి కొన్నారా అని నాకు రెండు రోజులు కూడు సహించలేదు.

నేను ముఠా మనిషిని. బస్తా కుట్టు ఊడి కాయ రోడ్డు పాలైతే, బస్తా ఎవరి చేతుల్లో ఉండగా ఊడిందో వాళ్ళే జవాబు చెప్పాలి. కాయ మంచిదా తాలుకాయా అన్నది తర్వాత. తాలుకాయేలే అని హమాలీ తప్పించుకుంటానంటే నేను ఊరుకుంటానా?

ఆ రోజు కారు దగ్గర ఎవరు ఏం చేశారో నాకు అంతా తెలుసు. నా దగ్గర ఎవరూ దాచలేరు. నిలబెట్టి అడుగుతాను, పదిమందిలో అడుగుతాను. అఫిడవిట్టు పంపు.

జాడీ అక్కడే ఉండనీ. మామిడికాయ దిగాక మళ్ళీ పట్టుకొస్తాను.

పున్నమ్మ వేలిముద్ర.
సాక్షి: శాంతి.


దాచేపల్లి,
21 మార్చి 2025.

అక్కకు వందనాలు.

నీకు అంతా తెలిసిందని రాశావు. ఎవరు చెప్పారో నాకు తెలియదు. తెలిశాక కూడా నా చేత అఫిడవిట్టు ఎందుకు రాయించాలనుకుంటున్నావు? నన్ను పదిమందిలో నిలబెట్టి అడగాలనా? నీ కోపం న్యాయమే. కానీ అక్కా, నేను పుట్టినప్పటి నుంచి నువ్వు నన్ను కొట్టినా తిట్టినా మన ఇంట్లోనే. బయటివాళ్ళ ముందు ఒక్కరోజూ అనలేదు. ఇప్పుడు ఈ వయసులో వద్దు.

నా కంటికి శుక్లం తీయించుకోవాలని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళు రాయలేను.

జక్రయ్య.


పర్చూరు,
24 ఏప్రిల్ 2025.

తమ్ముడు జక్రయ్యకి,

కన్ను ఎలా ఉంది? చుక్కల మందు మానకుండా వేసుకో. దిండు మీద తువ్వాలు రోజూ మార్పించు. ఆపరేషనుకి ముందు నాకు చెప్పలేదేం? నీ పక్కన కూర్చోడానికి నేను పనికిరానా?

నీ ఉత్తరం శాంతి నాలుగుసార్లు చదివింది. నాలుగుసార్లూ నాకేం అర్థం కాలేదు. నేను నిలబెట్టి అడుగుతానన్నది హోటలువాణ్ణిరా. నిన్ను ఎందుకు అడుగుతాను? నువ్వేం చేశావని? హోటలంటే భయపడ్డావు, అంతేగా. చిన్నప్పుడు పశువుల డాక్టరుకి కూడా భయపడేవాడివి. ఆ భయం సంగతి నేను చూసుకుంటాను.

ఇప్పుడు అసలు మాట విను. హోటలు వాళ్ళ జవాబు వచ్చింది. వకీలు చదివి వినిపించాడు. కారు యజమాని లోపల విలువైనవి ఏమీ లేవని చెప్పి చీటీ మీద సంతకం చేశాడని రాశారు! నా తమ్ముడు, నా ఒళ్ళో పెరిగినవాడు, నా బొంత కారులో ఉండగా ఏమీ లేవని సంతకం పెడతాడా? కోర్టు వరండాలోనే లేచి అరిచాను. "అది దొంగసంతకం. ఆ టోపీవాడు పెట్టాడు" అన్నాను. వాడి పేరు అల్లాబక్షంట. అరవై దాటినవాడే. తాళాలు తీసుకునేది వాడు, చీటీలు రాసేది వాడు. లోపలి మనుషులే దొంగలకి దారి చూపించి, తర్వాత సంతకం కూడా వాళ్ళే గీకి ఉంటారు.

వకీలు వద్దంటున్నాడు, ముందు నిన్ను అడుగుదామంటున్నాడు. నేను వినను. పోలీసు స్టేషన్లో అల్లాబక్షు మీద కంప్లయింటు రాయిస్తాను. ఇప్పటికే హోటలువాడు అతన్ని పనిలోంచి ఆపాడంట. జైల్లో కూర్చుంటే నిజం అదే బయటికొస్తుంది. మే పద్నాలుగున వాయిదా, ఆలోపల నీ సంతకం నమూనా కావాలి. నాలుగు కాగితాల మీద సంతకం చేసి పంపు చాలు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను వాళ్ళకి.

నీ మీద ఎవడైనా అబద్ధం రాస్తే నేను ఊరుకునేదాన్ని కాదు. నువ్వు భయపడకు.

నీ అక్క పున్నమ్మ వేలిముద్ర.
సాక్షి: శాంతి.


దాచేపల్లి,
2 మే 2025.

అక్కా,

ఇది చదివేటప్పుడు శాంతిని నెమ్మదిగా చదవమను. జెస్సీని గదిలోంచి పంపించెయ్యి.

ఆ సంతకం నాదే.

ఆ రోజు నిన్ను ఎవరో పిల్లలు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. నేను కారు దిగాను. నా వెనక మూడు కార్లు ఆగి ఉన్నాయి. పెళ్ళికొడుకు పెదనాన్న కోటు వేసుకుని నా పక్కనే నిలబడ్డాడు. అల్లాబక్షు ఏదో అడిగాడు, నాకు వినపడలేదు. రెండోసారి అడిగాడు. మూడోసారి అందరూ తిరిగి చూసేట్టు అరిచాడు: "పెద్దాయనా! లోపల సామాను ఏమన్నా ఉందా?"

నేను అన్నాను, "ఏమీ లేదులే. పాత బొంత ఒకటి."

కోటు వేసుకున్నాయన నవ్వాడు. నేనూ నవ్వాను, అక్కా. నవ్వానని నీకు చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు.

అల్లాబక్షు నవ్వలేదు. నా చెవి దగ్గరికి వచ్చి, "బొంతయినా పైకి పట్టుకుపొండి. పోయిన వారం ఈ సెల్లారులోనే రెండు కార్ల అద్దాలు పగలగొట్టారు. మేనేజరుకి చెప్పినా ఇంకో మనిషిని పెట్టలేదు, దీపాలు వేయించలేదు" అన్నాడు. అది మాత్రం నాకు బాగా వినపడింది. నేను, "పాత బొంత ఎవడికి కావాలయ్యా" అన్నాను. అతను చీటీ మీద "విలువైనవి లేవు. పాత బొంత, ఒకటి" అని రాసి ఇచ్చాడు. సంతకం చేశాను. నా సగం చీటీ ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. పోలీసులకి కూడా చూపించలేదు.

మేనేజరు విలువ లేదన్నాడని నువ్వు కేసు వేశావు. ఆ మాట వాడికంటే ముందు అన్నది నేను. మూడు నెలలుగా నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ముందు మీ మరదలి చేత చదివిస్తున్నాను, నీకు తెలిసిందేమోనని. నీకు తెలుసని రాస్తే తెలిసిందనే అనుకున్నాను. కంటి ఆపరేషను నిజమే గానీ, రాయలేకపోవడం అబద్ధం.

రూతమ్మ నన్ను చిన్నమామ అనేది. ఆ ఆకుపచ్చ చీర నేనే కొనిపెట్టాను, చిలకలూరిపేటలో. ఇది నీకు గుర్తుందో లేదో.

అల్లాబక్షు మీద కంప్లయింటు ఇవ్వకు. ఆయన ఒక్కడే ఆ బొంతని మనిషి సొత్తులా చూశాడు. ఇంక నువ్వు నన్ను ఏమన్నా అను. నా మొహం చూడనన్నా సరే. ఈ ఉత్తరం కోర్టులో ఇచ్చినా నేను కాదనను.

జక్రయ్య.


పర్చూరు,
12 మే 2025.

జక్రయ్యకి.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు ఆలస్యం చేశాను. శాంతి రోజూ కాగితం తెచ్చేది, నేను గేదెలకి మేత వేయాలని పంపించేసేదాన్ని.

నువ్వు నవ్వావు. సరే. ఆ మాట చదివినప్పుడు నేను లేచి చేలోకి వెళ్ళిపోయాను. ఎండలో గట్టు మీద కూర్చున్నాను. నిన్ను నాలుగు తిట్లు తిట్టాను, పైకే. కోసి పారేసిన మిరపకట్టె తప్ప వినేవాళ్ళు లేరు. రూతమ్మ పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు. అప్పుడు హెలెన్ ఎదురుగా ఉంది కాబట్టి ఏడవలేదు.

తిట్టాక అలసిపోయి ఆలోచించాను. రాయి శాంతీ, తల దించుకోకుండా రాయి.

"పున్నమ్మా, నీ మూట నువ్వెందుకు మోసుకెళ్ళలేదు?" అని నన్ను ఎవరూ అడగలేదు. వకీలు అడగలేదు, నువ్వూ అడగలేదు. కారు దిగేటప్పుడు మూట నా ఒళ్ళోనే ఉంది. నేల చూశాను. మొహం కనపడేట్టు మెరుస్తోంది. ఆడవాళ్ళు పట్టుచీరల్లో, పూలల్లో. నా చంకలో ఆ మూట. మెల్లగా వెనక్కి తిరిగి సీటు మీద పెట్టేశాను. తెల్లారి ఎవరూ చూడకుండా తీసుకుందామనుకున్నాను. ముప్పై మంది ఆడవాళ్ళ ముందు రైతుని నిలదీసిన మనిషిని, ఒక నున్నటి నేలకి సిగ్గుపడ్డాను. నువ్వు నోటితో అన్నావు. నేను చేతితో అన్నాను. నీకంటే నేనే ముందు.

ఇన్నాళ్ళూ నీ మీద, హోటలు మీద, అల్లాబక్షు మీద అంత గట్టిగా అరిచింది ఇందుకేనేమో. నాకు తెలియదు. దేవుడికి తెలుసు.

అల్లాబక్షు మీద కంప్లయింటు ఇవ్వలేదు. ఆయన దగ్గరికే నిన్న జయరావుని తీసుకుని వెళ్ళాను. గుంటూరు ఆనందపేటలో ఉంటాడు. "తప్పయింది బాబూ, నిన్ను దొంగన్నాను" అన్నాను. ఆయన భార్య టీ ఇచ్చింది. సెల్లారులో అద్దాలు పగిలిన సంగతి మేనేజరుకి రెండుసార్లు చెప్పానని కోర్టుకొచ్చి చెబుతానన్నాడు. "ఎలాగూ పని పోయిందిగా అమ్మా, ఇంక భయం దేనికి" అని నవ్వాడు. ఇదీ నవ్వే. నవ్వుల్లో తేడా ఉంది, చూసుకో.

వకీలుకి అంతా చెప్పాను. కేసుకి మన మాటలు దెబ్బేనన్నాడు. ఏమీ లేవని నువ్వు అన్నది దెబ్బ, హెచ్చరించినా వినకపోవడం ఇంకా పెద్ద దెబ్బ. కానీ ప్రమాదం ఉందని తెలిసీ తాళాలు తీసుకుంటూ పోయిన హోటలుకి అంతకంటే పెద్ద దెబ్బంట. అయినా గెలుస్తామని మాట ఇవ్వలేనన్నాడు. నేను గెలుపు అడగలేదు. జడ్జిగారికి ఇలా చెబుతాను: అయ్యా, మేమిద్దరం మా బొంతని తక్కువ చేశాం. ఆ తప్పు మాది, మా ఇంట్లో మేం తేల్చుకుంటాం. తాళం తీసుకుని కాపాడనిది హోటలు. ఆ తప్పు వాళ్ళది, అది మీరు తేల్చండి.

నువ్వు రాకపోయినా నేను

అక్కడ ఆపమన్నాను. కుక్క మొరిగింది. చూస్తే గుమ్మంలో నువ్వు. కంటికి నల్లద్దాలు, చేతిలో చీటీ, చెవిలో మిషను ఈల వేస్తోంది. బస్సులో నిలబడి వచ్చానన్నావు. పచ్చడి జాడీ తేలేదు. మరచిపోయానన్నావు. నువ్వు ఎప్పుడూ ఇంతే.

"ఎదురుగానే ఉన్నాగా అక్కా, ఇంకా ఉత్తరం ఎందుకు?" అంటున్నావు. నీకు చెవులు లేవు, కళ్ళున్నాయి. నేను ఇంత గట్టిగా అరిస్తే పేటంతా వింటుంది. కూర్చో. జెస్సీ మజ్జిగ ఇస్తుంది, తాగు. నేను చెప్పేది శాంతి రాస్తుంది, నువ్వు చదువు. శాంతీ, ఆపకు.

ఒరేయ్, ఆకుపచ్చ చీర నువ్వు కొన్నావని నాకు గుర్తుంది. అందుకే దాన్ని బొంతకి మధ్యలో వేశాను.

ఎల్లుండి పొద్దున్న ఏడింటి బస్సు. ముందు నువ్వు చెప్పాలి, తర్వాత నేను. జడ్జిగారు అడిగేది నీకు వినపడకపోతే నా వైపు చూడు, నేను చేత్తో చెబుతాను. ఎవరైనా నవ్వితే నవ్వనీ. హెలెన్ కూడా వస్తానంది. మనం అన్న మాటలు ఆ పిల్ల మన నోటి నుంచే వినాలి. ఆ తర్వాత మనల్ని ఏమంటుందో పడదాం, ఇద్దరం పక్కపక్కన నిలబడి.

ఇది నేను చెప్పగా రాసింది. చదివి వినిపించారు. ఒక్క మాట కూడా కొట్టెయ్యమనలేదు.

పున్నమ్మ వేలిముద్ర.

సాక్షులు:
1. శాంతి, సండే స్కూలు టీచరు.
2. జక్రయ్య, పున్నమ్మ తమ్ముడు, కారు యజమాని. ఈ సంతకం నాదే.